నా బావమరిది కట్టిన రెండో తాడు

మూడేళ్ల క్రితం సంగతి. సూరత్‌లోని పర్వత్ పాటియాలో మా తెలుగు క్రైస్తవ సంఘం ఒక మూడంతస్తుల భవనంలో ఆరాధన జరుపుకునేది. క్రిస్మస్‌కు దాని బయటి గోడకు పెద్ద నక్షత్రం వేలాడదీసే పనిని సంఘపెద్దగా నేనే పట్టుబట్టి తీసుకున్నాను.

నా భార్య తమ్ముడు యోహాను ఇచ్ఛాపూర్ ఫ్యాక్టరీలో ఎత్తుల మీద పనిచేస్తాడు. నాకు బెల్టు తొడిగి, ఒకటి పోయినా ఇంకొకటి కాపాడాలని దానికి రెండు తాళ్లు తగిలించాడు. నేను రెండింటినీ డాబా మీది పాత ఇనుప కొక్కేనికే కట్టేశాను.

"గిదేంది బావా? రెండూ ఒక్కదానికే కడితే ఒక్క తాడు లెక్కనే. కొక్కెం ఊడితే ఏం జేస్తవ్?" అంటూ అతను ఒక తాడు విప్పి పక్కనున్న సిమెంటు స్తంభానికి కట్టాడు.

"అల్పవిశ్వాసీ! దేవుడు చూసుకోడా?" అని అందరి ముందూ గద్దించాను.

నక్షత్రం పట్టుకుని పిట్టగోడ దాటి రెండడుగులు దిగానో లేదో, కొక్కెం ఊడి వచ్చింది. జర్రున జారాను. స్తంభానికి కట్టిన తాడు పట్టి ఆపడంతో, నక్షత్రాన్ని కౌగిలించుకుని గాలిలో ఊగాను. కష్టంలో దేవుణ్ణి పిలవండని ప్రతి ఆదివారం బోధించే నా నోట వచ్చిన కేక, "ఒరేయ్ యోహానూ!"

నాకేం కాలేదని తెలియగానే కింద సంఘమంతా గొల్లున నవ్వింది. "జర దేవున్ని గూడ పిలువరాదయ్యా!" అంది నా భార్య, కళ్లు తుడుచుకుంటూనే.

యోహాను నన్ను పైకి లాగి, "నక్షత్రం పగలలే బావా, మళ్ల దిగుతవా?" అన్నాడు.

ఆ సాయంత్రం నిలబడి సాక్ష్యం చెప్పాను. నేను ప్రార్థించకముందే దేవుడు జవాబిచ్చాడు, అదీ నేను గద్దించినవాడి చేతులతో.