సేనాపతిని చంపిన శేషగిరి అంకుల్

మా వెనకింటి శేషగిరి అంకుల్‌కి ఒకరి ఇల్లు చూసి గానీ, కారు చూసి గానీ కుళ్లుకునే గుణం లేదు. మేముండే కేరమ్ డౌన్స్‌ పేటలో ఈ మాట ఎవరినడిగినా చెబుతారు. ఆయన కుళ్లంతా ఒక్కడి మీదే. వాడు కొరియావాడు, నాలుగు వందల ఏళ్ల కిందటి సేనాపతి, పైగా నిజంగా పుట్టినవాడే కాదు. వాణ్ణి పుట్టించింది అంకుల్ భార్య కాత్యాయని ఆంటీ.

ఆంటీ చైల్డ్‌కేర్‌లో పనిచేస్తుంది. అక్కడ తోటి టీచరు, ఒక కొరియా ఆవిడ, చెప్పిన చరిత్ర విని, జపాను సేనలు కొరియా మీద విరుచుకుపడిన రోజుల్లో జరిగినట్టు ఒక ప్రేమకథ అల్లింది. సేనాపతి పేరు యున్‌హో, అతను మనసిచ్చిన వైద్యురాలు సోరా. ఒక తెలుగు యాప్‌లో వారం వారం వస్తుంది. మేమంతా చదివి, గుడి క్యాంటీన్‌లో దోసెలు చల్లారిపోయేదాకా దాని గురించే మాట్లాడుకుంటాం. ఆంటీకి తెలుగు టైపింగ్ రాదు. ఆవిడ వంట చేస్తూ చెబుతుంది, అంకుల్ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని కొడతారు.

అదే ఆయన ప్రాణం మీదికొచ్చింది. యున్‌హో మంచులో తన దుప్పటి తీసి సోరాకి కప్పుతాడు. ఆమె కాచిన చేదు గంజి తాగి బాగుందంటాడు. ఆమె మాట్లాడుతుంటే రెప్ప వేయకుండా వింటాడు. ఇదంతా అంకుల్ తన చేత్తో తనే టైపు చేయాలి. పెళ్లయిన ఇన్నేళ్లలో కూరలో ఉప్పు తగ్గిందని తప్ప మరో మాట అనని మనిషికి ఒళ్లు మండదూ?

పోటీకి కూడా దిగారు. మేమంతా బీచ్‌లో బార్బెక్యూ పెట్టుకున్న రోజు చలిగాలి మొదలవగానే జాకెట్ విప్పి ఆంటీ భుజాల మీద కప్పారు.

"నాకు చలేం లేదండీ. మీకసలే సైనస్, ముందు వేసుకోండి," అని ఆంటీ అందరి ముందూ ఆయనకే తిరిగి తొడిగేసింది. పాపం, ఆ మొహం నేను చూడలేకపోయాను.

ఆ నెలలోనే ఆంటీ సిడ్నీలో, ఎడ్మండ్‌సన్ పార్క్‌లో ఉండే చెల్లెలి ఇంటికి వెళ్లింది. అక్కణ్ణుంచి కొత్త భాగం వాయిస్ మెసేజ్‌లో పంపింది. యున్‌హో యుద్ధం గెలిచి వస్తాడు, సోరాని పెళ్లి చేసుకుంటాడు. అంకుల్ అంతా విన్నారు. పెళ్లి అనేసరికి ఇక తట్టుకోలేకపోయారు. సేనాపతి నది దాటుతుండగా శత్రువుల చేత ఒక బాణం వేయించి, సరిగ్గా గుండెల్లో దించి, పోస్ట్ చేసేశారు.

ఆ మధ్యాహ్నానికే మా వాట్సాప్ గ్రూపంతా ఏడుపులు. నేనూ ఏడ్చాను. అంకుల్ మాత్రం పులిహోర కలుపుకుని తృప్తిగా తిన్నారట. సాయంత్రం ఆంటీ ఫోన్ చేస్తే చీవాట్లకి సిద్ధపడే ఎత్తారు.

"ఏవండీ! అతన్ని చంపితేనే బాగుంటుందని నాకూ అనిపించింది గానీ చేతులు రాలేదు. ఎంత బాగా రాశారండీ! అసలు స్టోరీ ఇప్పుడు కదా స్టార్ట్ అయ్యేది!"

ఆంటీ తిరిగొచ్చిన దగ్గర్నుంచీ సోరా అతన్ని తలుచుకోని వారం లేదు. బతికుండగా యున్‌హోకి ముక్కు మీద కోపం ఉండేది, ఒకసారి సోరాతో అబద్ధం కూడా ఆడాడు. చచ్చాక ఆ లోపాలన్నీ కొట్టుకుపోయాయి. చెబుతూ చెబుతూ ఆంటీ కళ్లు తుడుచుకుంటుంది, కూర మాడ్చేస్తుంది. అంకుల్ ఆ కూరే తిని, మళ్లీ టైపుకి కూర్చుంటారు.

మొన్న కంచె దగ్గర నాతో గోడు వెళ్లబోసుకున్నారు.

"బతికున్నోడితో అయితే ఏదోలా నెగ్గుకొచ్చేవాణ్ణమ్మా. ఇప్పుడెట్టా? నా చేత్తో నేనే వాణ్ణి దేవుణ్ణి చేసి కూర్చున్నా."

"ఆ మాట ఆంటీతోనే అనొచ్చుగా అంకుల్?"

"అన్లేదుగానీ, అడిగా. నేను పోతే నన్నూ ఇట్టాగే తలుచుకుంటావా అని అడిగా."

"ఏమన్నారు?"

"గరిటె ఆపకుండా అంది, 'అవేం మాటలండీ? మీరు పోతే ఇదంతా ఎవరు టైప్ చేస్తారు?' అని."

నేను నవ్వేశాను. అంకుల్ నవ్వలేదు.