కూనకి ఆరో నెల

పురుషోత్తంపూర్ నుంచి పెసల బస్తాలు వచ్చిన రోజు, వ్యాన్‌లో బస్తాల సందున ఒక కుక్కకూన దొరికింది. బరంపురంలో కింద మా పప్పుల హోల్‌సేల్ కొట్టు, పైన మా కాపురం. మగకూన అయితే కాపలాకని నలుగురు అడిగేవాళ్ళు. ఆడది అనేసరికి అందరూ మొహాలు తిప్పుకున్నారు. నేను ఎప్పుడో కుక్కని పెంచుదామంటే "ఇది ఇల్లా, కుక్కల కొట్టామా" అని కసురుకున్న మా అత్తగారే దాన్ని కొంగులో చుట్టుకుని మెట్లెక్కారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని గొణుక్కున్నాను.

దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఎప్పుడు చేయించాలన్న దగ్గర తంటా మొదలైంది. మా ఆయన ఆరు నెలలకే అన్నారు. పక్క కొట్టాయన ఒకసారి ఎదకొచ్చాక అన్నాడు. పాలవాడు ఒక్క ఈత ఈనితేనే ఒంటికి మంచిదన్నాడు. నోటికొక మాట. చివరికి పశువుల డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళాం. ఒడియా ఆయనే అయినా తెలుగు బాగా వచ్చు, అత్తగారిని మాత్రం వాళ్ళ భాషలో మావుసీ, అంటే పిన్నీ, అనేవారు. పళ్ళు చూసి, పొట్ట తడిమి, "పెద్దజాతి కుక్కలైతే ఏడాది ఆగమంటాను, మావుసీ. ఇది చిన్నది. మొదటిసారి ఎదకి రాకముందే చేసేద్దాం, ముందుముందు రొమ్ము గడ్డల భయం తగ్గుతుంది. ఆరో నెల నిండగానే తీసుకురండి" అన్నారు.

ఆరో నెల నిండేసరికి ఠాకురాణీ యాత్ర వచ్చిపడింది. రెండేళ్ళకోసారి అమ్మవారు గుడి వదిలి పుట్టింటికొచ్చి ఉండే రోజులవి. అమ్మవారు పుట్టింట్లో ఉన్నన్నాళ్ళూ ఇంటి ఆడపిల్ల ఒంటికి కత్తి తగలకూడదని మా ఇంట్లో ఆచారం. నా గోళ్ళు కూడా కత్తిరించుకోనివ్వరు.

"కుక్క ఇంటి ఆడపిల్ల ఎప్పుడయింది అత్తయ్యా?" అన్నాను.

"నువ్వెప్పుడయ్యేవో, అదీ అప్పుడే అయింది. ఎల్లి పని సూసుకో" అన్నారు.

డాక్టరుకి ఫోన్ చేస్తే ఆయన కూడా నవ్వి, యాత్ర అయ్యాకే రమ్మన్నారు. ఆయనదీ ఈ ఊరే మరి. కొన్నాళ్ళు ఆగితే కొంప మునుగుతుందని మాలో ఎవరికీ తోచలేదు.

అమ్మవారి ఘటాలు మా వీధికి వచ్చిన సాయంత్రం అందరం గుమ్మంలో పసుపునీళ్ళతో నిలబడ్డాం. డప్పులు, మొక్కుకున్నవాళ్ళ పులి వేషాలు, తోపులాట. కూన అంతకుముందు నుంచే నిలకడ లేకుండా తిరుగుతోంది. డప్పులకి బెదిరిందనుకున్నాం. ఘటాలు దాటిపోయాక చూస్తే ఇంట్లో లేదు. వెతగ్గా వెతగ్గా గోడౌను వెనక సందులో వీధికుక్కల మధ్య కనిపించింది. ఆలస్యం అమృతం విషం అంటారు, ఊరికే అనలేదు.

యాత్ర ముగిశాక తీసుకెళ్తే డాక్టరు పొట్ట మీద చెయ్యి వేసి, రెండోసారి తడిమి చూశారు.

"కడుపుతో ఉంది. ఇప్పుడైనా ఆపరేషన్ చేసేయొచ్చు. ఇది ఇంకా పసిది, నడుము ఎదగలేదు. కాన్పు కష్టమవుతుంది. మీరే చెప్పండి మావుసీ."

అత్తగారు కూనని ఒళ్ళోకి లాక్కున్నారు. "మా అబ్బాయి పుట్టినప్పుడు నా గర్భసంచి తీసీసినారు బాబూ. అప్పటికి నాకు ఇరవయ్యేళ్ళు నిండనేదు. మత్తు దిగేక సెప్పినారు. తియ్యకపోతే నాను బతకనన్నారంట, మా అత్త సరేనందంట, తీసీసినారంట. నన్నెవరూ అడగనేదు. దీనికీ అదే సెయ్యమంటారేటి? ఒక్క కాన్పు కానీండి, తర్వాత మీ ఇష్టం."

ఇన్నేళ్ళ కాపురంలో ఆ సంగతి నేను వినడం అదే మొదటిసారి. మా ఆయన ఎందుకు ఒక్కడే కొడుకో అడగాలని కూడా నాకెప్పుడూ తోచలేదు. ఆవిడ ముఖం చూసి కాదనడం డాక్టరు వల్లా కాలేదు, నా వల్లా కాలేదు.

గుడ్డు గుమ్మం తొక్కని ఇల్లు మాది. అలాంటిది అత్తగారు డాబా మీద వేరే స్టవ్ పెట్టించి, కూనకోసం కోడిగుడ్లు ఉడకబెట్టారు. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని పెంకు ఒలిచేవారు. నాకు నవ్వొచ్చేది.

నొప్పులు ఒక పొద్దున మొదలయ్యాయి. మధ్యాహ్నం ఎండ నెత్తికెక్కినా పిల్ల బయటికి రాలేదు. కూన మూలగడం కూడా మానేసి అత్తగారి కాలి మీద తల పెట్టి పడుకుంది. ఆటోలో పరుగెత్తాం. డాక్టరు చూసి, పిల్ల అడ్డం పడిందన్నారు. కోయాలి, గర్భసంచి కూడా తీసేయాల్సి వస్తుందేమో, సరేనా అని అడిగారు.

"తీసీండి బాబూ, అన్నీ తీసీండి. అది దక్కితే సాలు" అన్నారు అత్తగారు. ఒక్క క్షణం ఆలోచించలేదు.

బయట బల్ల మీద కూర్చున్నాం. ఆవిడ అమ్మవారికి మొక్కుకుంటున్నారు. డాక్టరు చేతులు తుడుచుకుంటూ వచ్చి మా ముందు నిలబడ్డారు. పిల్లలు లోపలే పోయాయట. తల్లి మత్తులోంచి మళ్ళీ లేవలేదట. నేను ముందే చెప్పాను కదా అన్న ముక్క ఆయన అనలేదు. అని ఉంటే ఆయన మీదైనా కోపం తెచ్చుకునేదాన్ని.

తిరిగి వస్తున్నప్పుడు ఆటోలో అత్తగారి ఒళ్ళో, ఆవిడ పాత నేతచీరలో చుట్టిన మూట ఉంది. దారంతా ఆవిడ కన్నీటి చుక్క కార్చలేదు. నేనే వెక్కి వెక్కి ఏడ్చాను. మా వీధి మలుపు దగ్గర ఆవిడ నా మోకాలి మీద చెయ్యి వేశారు.

"నన్నడగనేదని ఇన్నేళ్ళూ మా అత్తని తిట్టుకున్నానే. ఆ రోజు నన్నే అడిగుంటే, నానూ ఒద్దనే అందును."