మంగళవారం నాటి హాజరు

“నిన్న సెమినార్ చాలా బాగా చెప్పావమ్మా,” అని మా మేడమ్ కారిడార్‌లో నా భుజం తట్టి ముందుకు వెళ్లిపోయారు. చేతిలో టిఫిన్ డబ్బాతో నేను అక్కడే నిలబడిపోయాను. నిన్న నేను కాలేజీకే రాలేదు.

ఏదో ప్రమాదం నా దాకా వచ్చిందని మొదటిసారి అనిపించింది ఆ క్షణంలోనే.

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. మాది లాలాగూడలో రైల్వే క్వార్టర్, రోజూ సాయంత్రం ప్రార్థన చేసుకునే ఇల్లు. పైగా నేను చదివింది లెక్కలు. నిరూపణ లేనిది ఒప్పుకోకూడదని నేర్పే చదువు. అందుకే, పిల్లలు నిద్రపోయాక, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

డిగ్రీ కాగానే పెళ్లయింది. తొమ్మిదేళ్ల తర్వాత, ఇద్దరు పిల్లల తల్లిగా ఎమ్మెస్సీలో చేరాను. క్లాసులో అందరికీ అక్కను. మొదటి నెలంతా ఈ బెంచీ మీద నాకేం పని అనిపించేది. తర్వాత ఏదీ వదల్లేదు. లైబ్రరీ తలుపు తీసేసరికి మెట్ల మీద ఉండేదాన్ని. క్విజ్‌కు పేరిచ్చాను, త్రోబాల్ ఆడాను. క్యాంటీన్‌లో రెండు సమోసాలు నలుగురం పంచుకుని, అరగంట పోట్లాడుకుంటూ ఒక లెక్క తేల్చిన రోజులున్నాయి.

ఒక్క ప్రాక్సీ మాత్రం ఒప్పుకోలేదు. రాని వాళ్ల నంబరుకు వచ్చిన వాళ్లు “ప్రెజెంట్ మేడమ్” అనడం మా క్లాసులో రోజూ ఉండేదే. “నీ నంబర్ మేం పలుకుతం గద, బాబును చూస్కో పో అక్కా,” అనేవాళ్లు. వద్దనేదాన్ని. బాబు జ్వరాలకు పోయిన రోజులు పోయినట్టే లెక్క.

అలా పోయి పోయి, ఆ సోమవారం ఆఫీసులో క్లర్కు నా హాజరు చూసి తల ఊపాడు. “ఇంకొక్క రోజు పోయిందంటే పరీక్ష రాయనియ్యరు అక్కా. ఏడాది పోతది. మళ్ల నన్ననొద్దు.”

మంగళవారం పదింటికి నా సెమినార్. తొమ్మిదిన్నరకు కాలేజీ గేటు ముందు బస్సు దిగాను. ఫోన్ మోగింది. మా ఏడేళ్ల జోయెల్ బడిలో జారుడుబల్ల మీద నుంచి పడ్డాడట, నుదురు చిట్లిందట. గేటు లోపల అడుగు పెట్టకుండానే ఆటో ఎక్కాను. ఏడాది పోతుందని ఆటోలో ఒక్కసారి గుర్తొచ్చింది. ఆ తర్వాత వాడి మొహం తప్ప ఇంకేదీ గుర్తు లేదు.

ఆస్పత్రి చీటీ మీద టైము పది ఇరవై. నాలుగు కుట్లు పడ్డాయి. కుట్లు వేస్తున్నంతసేపూ వాణ్ని భుజం దగ్గర గట్టిగా పట్టుకుని ఉన్నాను.

బుధవారం మేడమ్ ఆ మాట అన్నాక, నా పక్క బెంచీ అఫ్రీన్‌ను అడిగాను. నిన్న నా సెమినార్ ఎవరు చెప్పారని.

“మజాక్ చేస్తున్నవా అక్కా? నా పక్కనే కూర్చున్నవ్ గద. చెప్పుడు అయిపోంగనే బాబుకు దెబ్బ తగిలిందని ఉరికినవ్. నీకు ఫోన్ సుత రాలే, ఎట్ల తెల్సిందని నేనే పరేషాన్ అయిన.”

నోట్సు కోసం బోర్డును ఫోటో తీసుకుందట, చూపించింది. మనిషి లేదు, బోర్డు మాత్రమే. నిండా నా అక్షరాలు. ఏడు అంకెకు నేను నడుమ చిన్న గీత పెడతాను. మా క్లాసులో ఇంకెవరికీ ఆ అలవాటు లేదు. బోర్డు మీద ప్రతి ఏడుకూ గీత ఉంది. ఇంట్లో కాగితం మీద లెక్క సాధన చేస్తూ నేను తడబడిన మూడో మెట్టు దగ్గరే అక్కడా ఒక కొట్టివేత ఉంది.

నోరు మెదపకపోతే హాజరు దక్కుతుంది, ఏడాది దక్కుతుంది. ఆ సంగతి నాకు తెలుసు. కానీ అది దయ్యమైనా మరేదైనా, నాకు ప్రాక్సీయే కదా. బ్యాగులో ఉన్న ఆస్పత్రి చీటీ తీసుకుని స్టాఫ్ రూమ్‌కు వెళ్లి, నేను రాలేదని చెప్పాను.

మేడమ్ చీటీని చూశారు, నన్ను చూశారు. “నా కళ్లతో చూసి వేసిన హాజరు నేను కొట్టెయ్యను. రాలేదంటున్నావు కనుక ఇప్పుడు చెప్పు, మళ్లీ వింటాను.”

క్లాసుకు వెళ్లి బోర్డు ముందు సుద్దముక్క తీసుకున్నాను. “నిన్నటి సినిమానే మళ్ల ఏస్తున్నవా అక్కా?” అన్నాడు వెనక బెంచీ నుంచి ఒకడు. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. తర్వాత చెప్పడం మొదలుపెట్టాను. మూడో మెట్టు దగ్గర ఈసారి కొట్టివేత లేదు. మొదటిసారి చెప్పింది ఎవరో నాకు తెలియదు. రెండోసారి చెప్పింది మాత్రం నేనే.

చీటీ తీసుకుని ఆఫీసుకూ వెళ్లాను. “వచ్చిన మనిషి రాలేదని కాయితం ఇచ్చుడు నేనేడ సూడలే,” అని క్లర్కు నవ్వి తిరిగిచ్చేశాడు.

అంతటితో అయిపోతే మర్చిపోయేదాన్నేమో. ఆ సాయంత్రం జోయెల్ నీలం యూనిఫాం చొక్కా ఉతకడానికి తీశాను. ముందు వైపు నెత్తురు మరకలు. భుజం మీద తెల్లగా నాలుగు వేళ్ల అచ్చులు. సుద్దపొడి.

బుధవారం రాశాక చేతులు కడుక్కునే ఇంటికొచ్చాను, మంగళవారానికైతే నేను సుద్దముక్క ముట్టి వారమైంది. వాడి బడిలో నల్లబల్లలు లేవు, అన్నీ మార్కర్లతో రాసే తెల్ల బోర్డులే. నా వేళ్లు ఆ అచ్చుల మీద పెట్టి చూశాను. సరిగ్గా సరిపోయాయి.

“నీ చెయ్యే మమ్మీ,” అన్నాడు వాడు, ఆశ్చర్యమేమీ లేకుండా. “హాస్పిటల్ల పట్టుకున్నవ్ గద. తెల్లగ ఉండె.”

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నా వల్ల పిల్లల మీదికి ఏదైనా వస్తుందేమోనని చదువు మానేద్దామనుకున్నాను. మావారు వర్క్‌షాప్ నుంచి వచ్చి అంతా విని, “మానేస్తే మానెయ్. ఎందుకు మానేసినవని పిల్లలు అడిగితే ఏం చెప్తవో అది సుత ఆలోచించుకో,” అన్నారు.

మానలేదు. పరీక్షలు రాశాను. పోయిన వారం ఫలితాలు వచ్చాయి, ఫస్ట్ క్లాస్. మా ఇంట్లో ఎమ్మెస్సీ చదివిన మొదటి మనిషిని నేనే. చొక్కా ఉతకకుండా బీరువాలో దాచాను. ఆ మంగళవారం పదింటికి నేనెక్కడున్నానో, రెండు చోట్లా ఎలా ఉన్నానో ఇవాళ్టికీ నిరూపించలేను.

చదువు మానేద్దామనుకున్న ఆ రాత్రి తెల్లారి, గురువారం ఉదయం నేను బ్యాగు సర్దుకుంటుంటే, మా పెద్దమ్మాయి రూతు తలుపు దగ్గర నిలబడి, “తమ్ముడు మళ్ల పడితే?” అని అడిగింది. వాడు నుదుటి కట్టు మీద చెయ్యి వేసుకుని నా వంకే చూస్తున్నాడు.

ఇద్దరినీ దగ్గరికి తీసుకుని చెప్పాను. “మమ్మీ కాలేజీకి వెళ్తుంది. మీకేదైనా అయితే, బోర్డు మీద లెక్క సగంలో ఉన్నా వదిలేసి వస్తా. చేతులు కూడా కడుక్కోను.”