చక్రధర్ ఎర్రపెన్ను

మా చక్రధర్‌కి ఒక్కటే జబ్బు. ఎక్కడ నాలుగు మాటలు కనిపించినా అందులో సగం కొట్టేస్తేగాని అన్నం సయించదు.

నూరేళ్ల కిందటి ఇంగ్లీషు ఆధునిక కవులంటే అతనికి ప్రాణం. "వాళ్లు కవిత్వం ఒంటిమీది నగలన్నీ ఊడబెరికారు రావుగారూ! మీరింకా వాట్సాప్‌లో వడ్డాణం పెట్టుకు తిరుగుతున్నారు," అనేవాడు. నేను "శుభోదయం, ఈ రోజంతా మీకు ఆనందమయం కావాలి" అని పంపితే, "ఉదయం" అని దిద్ది తిప్పి పంపేవాడు.

మేముండే యీషున్ పేటలో మా బ్లాకు లిఫ్టులో నోటీసు కనబడితే చాలు, జేబులోంచి ఎర్రపెన్ను తీసేవాడు. గోడమీద గీస్తే జరిమానా గనక, మూత తియ్యకుండా గాలిలోనే కొట్టేసేవాడు. పక్కనున్న చైనీస్ ముసలావిడ మూలకి జరిగేది. నేను నా చెప్పులకేసి చూసుకునేవాణ్ణి.

"తాతా, ఆ అంకుల్ పక్కన నిలబడకు లా! సో పైసే!" అనేది మా మనవరాలు నిఖిల. ఇక్కడి పిల్లల భాషలో పైసే అంటే తలవంపులు.

మా బ్లాకులోనే ఉండే వసుంధరగారు భర్త షష్టిపూర్తికి ఉపన్యాసం రాసుకుంటే, "ఈయన ఉద్యోగం పోయినప్పుడు ఇల్లంతా నేనే మోశాను" అన్న వాక్యం కొట్టేశాడు.

"అదే కదండీ అసలు సంగతి!" అందావిడ.

"బరువెక్కువైందమ్మా."

ఈ మధ్య మా సాహిత్య సమావేశంలో ఆ ఆధునిక కవుల మీద మాట్లాడే పని నా నెత్తిన పడింది. నేను కాన్వెంటులో సిస్టర్ల బెత్తానికి భయపడి ప్రాస పద్యాలు బట్టీపట్టినవాణ్ణి. ప్రాస లేకపోతే అచ్చుతప్పనుకునే రకం. అందుకని తెలియనిచోటల్లా మా తాతని దింపాను. ఆయన లండన్‌లో ఆ కవులకి పెసరట్లు పోసిపెట్టి, "ప్రాస మానెయ్యండ్రా, అరుగుదల బాగుంటుంది" అని సలహా ఇచ్చాడని రాశాను. మా తాత తెనాలి దాటలేదు.

పన్నెండు పేజీలిస్తే చక్రధర్ రెండు మిగిల్చాడు.

"మా తాతని చంపేశావు కదయ్యా!"

"లండన్ ఎక్కువైంది రావుగారూ."

"పోనీ, పెసరట్టైనా ఉంచు!"

"నూనె ఎక్కువైంది."

నాకు రోషమొచ్చింది. కాగితంలో లేకపోతేనేం, నోరుంది కదా! సభలో రెండు పేజీలూ గబగబా చదివేసి, "ఇక మా తాతగారు..." అని మొదలెట్టానో లేదో, ముందు వరసలో చక్రధర్ లేచి నించుని ఎర్రపెన్నుతో గాలిలో అడ్డంగా గీశాడు. జనమంతా అటు తిరిగారు. నిఖిల మొహం దాచుకుంది. నేను తడబడి, "...ఉంటే సంతోషించేవారు," అని ముగించి కూలబడ్డాను.

చప్పట్లు! చక్రధర్ పక్కనున్న తారాదేవిగారనే పెద్దావిడ లేచారు. "ఆ కవుల మీద లండన్‌లో జీవితమంతా పనిచేశాను. తెలిసినంతే చెప్పి ఆపేసినవారిని ఇవాళే చూశాను," అన్నారు. నా చెవులు కాలిపోయాయి.

తిరుగు రైల్లో అడిగాను. "ఆవిడ వస్తారని నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"మరి, ఇవన్నీ కోతలని మొహాన చెప్పొచ్చు కదయ్యా?"

"కోతలా? నేను చూడలేదే! మాటలెక్కువయ్యాయి, అంతే," అని కిటికీలోకి చూశాడు.

షష్టిపూర్తి నాడు వసుంధరగారి భర్త, ఆ ఒక్క వాక్యం లేని ఉపన్యాసం వింటూ నవ్విన నవ్వు అప్పుడు గుర్తొచ్చింది. లిఫ్టులో చూసుకున్న చెప్పులకేసే మళ్లీ చూసుకున్నాను.

ఇదంతా రాసి అతనికే చూపించాను. "చక్రధర్ మంచివాడు" అన్న చివరి వాక్యం కొట్టేశాడు. ఎక్కువైందట. ఆ ఎర్రపెన్ను లాక్కుని నా జేబులో పెట్టుకున్నాను గనక మళ్లీ రాస్తున్నాను: చక్రధర్ చాలా, చాలా, చాలా మంచివాడు.