వందన సమర్పణ

నేను మణుగూరులో చిన్న యూట్యూబ్ ఛానెల్ నడుపుతాను. రిపోర్టర్నీ నేనే, కెమెరా నేనే, తిట్లు తినేదీ నేనే. అడవి పక్క ఊళ్ళోంచి ఇసుక లారీలు ఇళ్ళను రాసుకుంటూ పోతుంటే వీడియో తీసి పెట్టాను. కాంట్రాక్టరు పరువు నష్టం కేసు వేశాడు. మా ఇంటి ఓనరు వచ్చి, "ఆడిమనిషికి గివన్నీ ఎందుకమ్మా, జల్దీ ఇల్లు ఖాళీ చెయ్యి" అన్నాడు.

అప్పుడు తోటి విలేకరి ఒకాయన నాకు మద్దతుగా పేపర్లో ప్రకటన ఇచ్చాడు. అన్నా అని పిలుస్తాను. మంచివాడే. ఆ నాలుగు ముక్కలు చదివి ఏడ్చాను కూడా.

మొన్న ఖమ్మంలో భావప్రకటనా స్వేచ్ఛ మీద సభ పెట్టారు. నన్ను తప్పకుండా రావాలని పిలిస్తే పొద్దున్నే బస్సెక్కాను. కేసు సంగతి చెప్పాలని దారంతా మాటలు కూర్చుకున్నాను. తీరా చూస్తే సన్మానం అన్నకి. "ఒక మహిళా విలేకరి" పక్షాన నిర్భయంగా నిలబడినందుకట! నన్ను చేత్తో సైగ చేసి స్టేజీ మీదికి పిలిచింది శాలువా పళ్ళెం పట్టుకోవడానికి. ఒళ్ళు మండిపోయింది, అయినా పట్టుకున్నాను. ఫోటోలో నా చేతులు మాత్రం పడ్డాయి.

"సార్, నేను గూడ మాట్లాడుత" అని నిర్వాహకుణ్ణి అడిగాను.

"మీకు వందన సమర్పణ పెట్టినం గదమ్మా. లేడీస్ చెప్తె మంచిగుంటది."

మన సభల్లో ఆ మాట చెవిన పడగానే అందరూ భోజనాలకు లేస్తారు. నేను మైకు అందుకునేసరికి కుర్చీలు ఖాళీ. మైకు సెట్టు అతను వైర్లు చుట్టుకుంటున్నాడు. నేనెవరికీ వందనాలు చెప్పలేదు. లారీల గురించి, కేసు గురించి చెప్పాను. ఆ పెద్ద హాల్లో నా గొంతు నాకే తిరిగి వినబడుతుంటే ఏడుపొచ్చింది. ఒంటరిగా ఉండటం నాకు అలవాటే అనుకునేదాన్ని. అంత ఒంటరితనం ఎప్పుడూ ఎరగను.

అన్న చేయి కడుక్కుంటూ, "మస్తు మాట్లాడినవ్ చెల్లె" అన్నాడు. ఆయన వినలేదని మా ఇద్దరికీ తెలుసు.

తర్వాతి వారం వాయిదాకి వెళ్ళాను. సభ వాళ్ళెవరూ రాలేదు. అన్నకి ఆ రోజు మధిరలో ఇంకో సన్మానం. కోర్టు వరండాలో గోడకానుకుని నిలబడ్డాను. బంట్రోతు గుమ్మంలోకి వచ్చి, ఇంటిపేరుతో సహా నన్ను గట్టిగా పిలిచాడు. ఈ వ్యవహారమంతటిలో నలుగురికీ వినబడేలా నా పేరు పలికినవాడు అతనొక్కడే.