గొంతమ్మ మింగేసిన మాటలు

దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో, ఇస్త్రీ బల్లల దగ్గర పనిచేసే ఆడపిల్లలెవరికీ వినపడదు, మాట రాదు. వాళ్ళ సైగలు తెలిసిన మనిషి అక్కడ ఒక్కతే. అందుకే ఆమెకు గొంతమ్మ అని పేరు పడింది. మేస్త్రీ తిట్లను సగానికి తగ్గించి పిల్లలకు సైగ చేసేది. పిల్లలు తిరిగి తిట్టేవాటిని అసలు చెప్పేదే కాదు. కర్ర విరగకుండా, పాము చావకుండా అందరి కొలువూ అలా కాపాడుకొచ్చింది.

ఆ పిల్లల్లో ఒకతె, చనిపోయిన తన చెల్లెలి కూతురు. ఇరవై నిండాయి. ఈమధ్య పనికి రానని మొండికేస్తోంది. ఎందుకే అంటే కళ్ళనీళ్ళు పెట్టుకోవడమే తప్ప సైగ లేదు. ఎక్కణ్ణుంచి వస్తుంది? మెడ కింద నుంచి మోకాళ్ళ దాకా ఉన్న ఒంటికి గొంతమ్మ ఒక్క సైగ నేర్పితేగా! ఆడపిల్లకు ఆ సిగ్గుమాలిన సంగతులెందుకు అనుకుంది. బద్ధకమని చెంప మీద ఒకటి వేసింది కూడా.

ఆ రోజు అన్నాల వేళ ఆస్పత్రి నర్సు వచ్చి గోడకు ఆడమనిషి బొమ్మ తగిలించింది. సామాన్ల గది తాళాలగుత్తి నడుముకు వేలాడుతుండగా మేస్త్రీ గుమ్మానికి చేరగిలబడ్డాడు. "పిచ్చి కూతలు చేరవేశావో, రేపట్నుంచి ఒక్కతీ రానక్కర్లేదు" అని గొంతమ్మను ముందే బెదిరించాడు.

నర్సు ఏదీ దాచలేదు. నెలసరి, గర్భం ఎలా వస్తుంది, రాకుండా ఏం చెయ్యాలి, సుఖవ్యాధులు ఎలా అంటుకుంటాయి, అన్నీ బొమ్మ మీద వేలు పెట్టి చెప్పింది. "మీ ఒళ్ళు మీది. ఇష్టం లేకుండా ఎవరు ముట్టుకున్నా తప్పు మీది కాదు. బయటికి చెప్పండి" అంది.

'శుభ్రంగా కడుక్కోవాలట' అని సైగ చేసింది గొంతమ్మ.

నర్సు నోరు అంతసేపు ఆడితే పెద్దమ్మ చేతులు కదిలింది ఇంతేనా? పిల్లకు ఒళ్ళు మండింది. లేచి వెళ్ళి, బొమ్మ గుండెల మీద వేలు గట్టిగా ఆనించింది. తర్వాత ఇంకా కిందికి. ఆ వేలే తన వైపు తిప్పుకుంది. నడుము దగ్గర చెయ్యి పెట్టి తాళం తిప్పినట్టు తిప్పింది. మేస్త్రీకి ఆ పిల్లలు పెట్టుకున్న సైగ అది. చివరికి రెండు చేతులతో గాలిని నెట్టి, నెట్టి, ఏడ్చింది.

బద్ధకమని పిల్లను కొట్టిన తన చేతి వంక చూసుకుంది గొంతమ్మ.

"ఏమంటోందమ్మా?" అని నర్సు అడిగింది.

"కడుపునొప్పట. అంతేగా గొంతమ్మా?" మేస్త్రీ నవ్వాడు.

పిల్లలంతా గొంతమ్మ పెదాల వంకే చూస్తున్నారు. అద్దె, బియ్యం, వీళ్ళందరి కొలువు, అన్నీ ఒక్కసారే గొంతుకు అడ్డం పడ్డాయి. తగ్గించి చెప్పడమే తెలివనుకున్న మనిషికి ఆ తెలివి మీదే అసహ్యం వేసింది.

"కాదు." గొంతమ్మ నర్సు వైపు తిరిగింది. "'ఈ తాళాలవాడు సామాన్ల గదిలో నన్ను ముట్టుకున్నాడు, తోసినా వదల్లేదు' అంటోంది నా బిడ్డ."

మేస్త్రీ లోపలికి ఒక్క అంగ వేశాడు. నర్సు అడ్డం నిలబడింది. పిల్లలు ఒక్కొక్కరే లేచి ఆమె పక్కన చేరారు.

గొంతమ్మ అతని వైపు చూడలేదు. బొమ్మ దగ్గరకు వెళ్ళి, పిల్లలకు కనబడేలా రెండు చేతులూ పైకెత్తింది.

"మళ్ళీ మొదట్నుంచి చెప్పు నర్సమ్మా. ఇందాక నేను వీళ్ళకేమీ చెప్పలేదు."