ఒంటి వేడి అన్నాను

ఆరేళ్ళుగా ఒక అబద్ధం మోస్తున్నాను. చిన్నదే. అయినా దించుకునే చోటు దొరక్క మీకు చెబుతున్నాను.

ఏలూరులో ఒక స్కానింగ్ సెంటర్లో ఎమ్మారై టెక్నీషియన్ని. మండవల్లి నుంచి ఒక పెద్దావిడ నడుం నొప్పితో వచ్చారు. వరిచేలో వంగీ వంగీ నడుం పోయింది. ఏసీ చలికి వణుకుతుంటే పాపమనిపించి రెండు దుప్పట్లు కప్పాను. భయానికి గుండెల మీద చేతులు జోడించి దేవుణ్ణి తలుచుకుంటున్నారు. స్కాన్‌లో చెయ్యీ చెయ్యీ తాకితే తాకినచోట కాలవచ్చు, విడిగా పెట్టించాలి. మాకు మొదట నేర్పే పాఠమది. దణ్ణం పెట్టే చేతులు విడదీయడానికి మనసొప్పలేదు. మనసొప్పకేనా, లేక బయట ఇంకా ఏడుగురు కూర్చున్నారనా? ఇప్పటికీ నాకు తేలలేదు.

ఆ మిషన్ ఒంటిని కాస్త వేడెక్కిస్తుంది. ఒళ్ళేమో రక్తాన్ని చర్మం దగ్గరికి పంపి, చెమట పట్టించి, ఆ వేడిని బయటికి తోసేస్తుంది. రెండు దుప్పట్లు కప్పితే ఎటు తోస్తుంది? మధ్యలో ఒళ్ళు ఉడికిపోతోందన్నారు ఆవిడ. ఇంకో ఐదు నిమిషాలు ఓర్చుకోమన్నాను.

బయటికి తీశాక చూస్తే వేళ్ళూ వేళ్ళూ ఆనినచోట రెండు బొబ్బలు.

"ఇదేంటి బాబూ?"

"ఒంట్లో వేడి చేసిందండి. ఆవకాయ మానెయ్యండి."

మనవాళ్ళు మారు ప్రశ్న వెయ్యని మాట అది. ఆవిడ తలూపారు. "ఎంత ఓపిగ్గా చూశారు బాబూ," అని నా చెయ్యి నిమిరి వెళ్ళారు.

మొన్న ఆవిడ భర్త మోకాలి స్కాన్‌కి వచ్చారు. ఆ బొబ్బలు అప్పట్లోనే మానిపోయాయట. ముదినేపల్లిలో ఉన్న కూతురికి ఆవిడ ఏటా జాడీ నిండా ఆవకాయ పెట్టి పంపుతారట. తాను మాత్రం ముట్టరట, నేను వద్దన్నానని. కలిపేటప్పుడు వాసన చూసి ఊరుకుంటుందండీ అని ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. అప్పుడైనా చెప్పొచ్చుగా? ఆయన మోకాలు స్కాన్ చేసి పంపేశాను.

అమ్మా, మీ ఒంట్లో ఏ వేడీ లేదు. తిండిలో తప్పు లేదు, మీలో అసలే లేదు. మిమ్మల్ని కాల్చింది నేను. మీ గుమ్మంలో నిలబడి చెప్పాల్సిన మాట, ధైర్యం చాలక కాగితం మీద పెడుతున్నాను. క్షమించమని అడగను. సిగ్గుగానే ఉంది, కానీ ఇన్నాళ్ళకి ఊపిరాడుతోంది.